36వ వారం స్వాబ్‌లో జీబీఎస్ పాజిటివ్. ఇప్పుడే మాత్రలు వాడాలా, నొప్పులప్పుడు ఇంజెక్షనా?

పటమట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. నాకిది రెండో కాన్పు. పెద్దాడికి నాలుగేళ్ళు, వాడు నార్మల్‌గానే పుట్టాడు. పురుటికని గుంటూరు బ్రాడీపేటలో అమ్మావాళ్ళింటికి వచ్చాను. కాన్పు మాత్రం సూర్యారావుపేటలో, మొదటినుంచీ చూపించుకుంటున్న మేడమ్ దగ్గరే అనుకున్నాం.

36వ వారం చెకప్‌లో మేడమ్ యోని దగ్గర దూదిపుల్లతో స్వాబ్ తీయించారు. రిపోర్టులో ‘స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే’ అనే బాక్టీరియా పెరిగిందని వచ్చింది. కింద పెన్సిలిన్, ఆంపిసిలిన్ ఎదురుగా సెన్సిటివ్ అని ఉంది, అంటే ఆ మందులు దానిమీద పనిచేస్తాయనట. నాకు జ్వరం లేదు, మంట లేదు, దురద లేదు. మేడమ్ రిపోర్టు చూసి, ‘కంగారేం లేదమ్మా, నొప్పులు మొదలయ్యాక ఇంజెక్షన్లు ఇస్తాం’ అని ఫైలు మీద ఎర్ర పెన్నుతో జీబీఎస్ పాజిటివ్ అని రాశారు. బయట జనం కిటకిటలాడుతున్నారు, ఇంకేం అడగలేకపోయాను.

గుంటూరులో వేరే చోట స్కానింగ్‌కి వెళ్తే అక్కడి డాక్టర్ గారు ఇదే రిపోర్టు చూసి, ఇన్ఫెక్షన్ ఉంచుకుని కాన్పుకి వెళ్ళకూడదు అంటూ వారానికి సరిపడా యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. కొన్నాం, ఇంకా వేసుకోలేదు. అత్తయ్యగారేమో ఆపరేషన్ చేయించేసుకుంటే బిడ్డకి అంటదు కదా అంటున్నారు. మా ఆయనకి కూడా ఉన్నట్టేనా, ఆయనా మందులు వాడాలా అన్నది ఇంకో గొడవ.

అన్నిటికన్నా టెన్షన్ ఏంటంటే, ఫోన్లో జీబీఎస్ అని కొడితే కాళ్ళూ చేతులూ పడిపోవడం, వెంటిలేటర్, ఇవే వస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జీజీహెచ్‌లోనే జీబీఎస్‌తో మనిషి పోయారని పేపర్లో చదివాను. ఇదీ అదీ ఒకటేనా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ పిన్ని:

భయపడకు తల్లీ. మా కోడలికీ ఇలాంటిదే ఏదో వస్తే రోజూ కప్పు పెరుగు తినిపించాం. వెల్లుల్లి రెబ్బ లోపల పెట్టుకుంటే క్రిములు చస్తాయని ఒక వీడియోలో చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు మందులకన్నా అవి నయం. దుర్గమ్మ చల్లగా చూస్తుంది, బంగారంలాంటి బిడ్డ పుడుతుంది.

కృష్ణలంక సిస్టరమ్మ:

అమ్మాయీ, నేను లేబర్ రూములో సిస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ముందు నీకున్న భయాల్లో పెద్దది తీసేస్తాను. పేపర్లో చదివింది గిలియన్ బారే సిండ్రోమ్, నరాల జబ్బు. నీ రిపోర్టులో ఉన్నది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ వీడియోలు చూడటం ఈ క్షణం నుంచే ఆపెయ్యి.

పిన్నిగారు ప్రేమతో చెప్పారు, పెరుగు సుబ్బరంగా తిను. వెల్లుల్లి మాత్రం లోపల పెట్టుకోవద్దు. నెలలు నిండినప్పుడు అక్కడ పుండు పడితే లేనిపోని బాధ. పైగా దానివల్ల ఇది పోతుందనడానికి ఆధారం లేదు.

ఇది నీకొచ్చిన రోగం కాదు. ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న మనుషుల పేగుల్లోనే ఉంటుంది. ఆడవాళ్ళలో అక్కడినుంచి యోనిలోకి చేరుతుంది, కొన్నాళ్ళుండి పోతుంది, మళ్ళీ వస్తుంది. ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో నూటికి 18 మందిలో ఉంటుందని లెక్క, మన దక్షిణాసియాలో 12, 13 మంది. శుభ్రత లేక వచ్చేది కాదు. సుఖవ్యాధి అంతకంటే కాదు. మీ ఆయనకి పరీక్షలూ అక్కర్లేదు, మందులూ అక్కర్లేదు. ఈ మాట ఇంట్లో అందరి ముందూ గట్టిగా చెప్పు. ఇలాంటి రిపోర్టు పట్టుకుని కోడలిని అనుమానంగా చూసిన ఇళ్ళున్నాయి. నిండు చూలాలు లేబర్ రూము బయట బెంచీ మీద కూర్చుని దానికోసం ఏడుస్తుంటే నా కడుపు మండిపోయేది.

నీకు ఏమీ చేయని ఈ బాక్టీరియా బిడ్డకెందుకు ప్రమాదమంటే, ఉమ్మనీటి సంచి పగిలాక అది పైకి పాకుతుంది. లేదా బిడ్డ బయటికి వచ్చే దారిలో నోట్లోకీ ముక్కులోకీ పోతుంది. తల్లికి ఉంటే దాదాపు సగం మంది పిల్లల ఒంటి మీదికి చేరుతుంది. చేరిన ప్రతి బిడ్డా జబ్బు పడదు. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం, కాన్పు సమయంలో మందు పడకపోతే ఇలాంటి తల్లులకు పుట్టిన సుమారు 200 మంది పిల్లల్లో ఒకరికి జబ్బు వస్తుంది, మందు పడితే 4000 మందిలో ఒకరికి. కానీ ఆ ఒక్క బిడ్డ సంగతి చాలా కష్టం. ఊపిరితిత్తులకో రక్తానికో మెదడు పొరలకో పాకుతుంది, అదీ ఎక్కువగా పుట్టిన మొదటి రోజే. పొద్దున గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ సాయంత్రానికి మూలగడం మొదలుపెడతాడు. ఆ మూలుగు ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోలేరు.

ఇక మాత్రలు. పొలంలో తుంగ పైపైన కోసినట్టే ఇది కూడా. గడ్డ లోపల ఉన్నంతకాలం మళ్ళీ మొలుస్తుంది. ఇప్పుడు మాత్రలు మింగితే యోనిలో కొంత తగ్గుతుంది, పేగుల్లో మిగిలింది కాన్పు నాటికి మళ్ళీ దిగుతుంది. అందుకే స్వాబ్‌లో మాత్రమే వచ్చినవాళ్ళకి ముందుగా మాత్రలు వాడరు. మూత్రం కల్చర్‌లో కూడా ఇదే వచ్చి ఉంటే సంగతి వేరు. అప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి మాత్రలు వాడాలి, కాన్పప్పుడు ఇంజెక్షనూ పడాలి. కాబట్టి నువ్వు కొన్న మాత్రలు పారెయ్యమని నేను అనను. మీ మేడమ్‌కి ఫోన్ చేసి ‘ఫలానా మాత్రలు రాశారు, నా మూత్రం రిపోర్టు ఇదీ, వేసుకోవాలా’ అని అడుగు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకుండా మింగడం, మానడం రెండూ వద్దు.

ఇంజెక్షన్ నొప్పులు మొదలయ్యాకే, నరానికే. పెన్సిలిన్ అయితే మొదట 50 లక్షల యూనిట్లు, తర్వాత కాన్పు అయ్యేదాకా నాలుగు గంటలకోసారి 25 నుంచి 30 లక్షలు. ఆంపిసిలిన్ అయితే మొదట 2 గ్రాములు, తర్వాత నాలుగు గంటలకోసారి 1 గ్రాము. తల్లి రక్తంలోంచి ఆ మందు బిడ్డకీ ఉమ్మనీటిలోకీ చేరాలి. మొదటి ఇంజెక్షన్‌కీ కాన్పుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండటం మంచిది.

నేను నీకు రాస్తున్నది అసలు ఈ నాలుగు గంటల కోసమే. నీది రెండో కాన్పు. మొదటిదానిలాగా రాత్రంతా సాగదు, నొప్పులు పట్టుకున్నాయంటే జారుడుబండ మీద దిగినట్టే. నువ్వేమో బ్రాడీపేటలో ఉన్నావు, ఆసుపత్రి సూర్యారావుపేటలో. దాదాపు 35 కిలోమీటర్లు. అర్ధరాత్రయితే గంటలోపు చేరతారు. సాయంత్రం మంగళగిరి దగ్గరో వారధి మీదో బండ్లు ఆగిపోతే? ఆ గంట బిడ్డ మందులోంచి పోయిన గంట. 37 వారాలు దాటగానే పటమట వచ్చెయ్యి. పురుడు పుట్టింటివాళ్ళే పోయాలంటే మీ అమ్మగారినే అక్కడికి రమ్మను. లేదు, గుంటూరులోనే ఉంటానంటే అక్కడే ఒక ఆసుపత్రిలో ఇప్పుడే పేరు రాయించుకుని ఈ రిపోర్టు వాళ్ళ ఫైలులో పెట్టించు.

నీరు పోతే నొప్పులు రాకపోయినా వెంటనే బయల్దేరాలి. ‘నొప్పులు రాలేదుగా, పొద్దున్నే వెళ్దాం’ అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆపుతారు. వినొద్దు. నీరు పోయి 18 గంటలు దాటితే స్వాబ్ రిపోర్టు తెలియనివాళ్ళకి కూడా ఇంజెక్షన్ మొదలుపెడతారు. నెలలు నిండకుండా నొప్పులొస్తే, నొప్పుల్లో 100.4 దాటి జ్వరమొస్తే, ముందు బిడ్డకి ఈ జబ్బు వచ్చి ఉంటే, అప్పుడూ అంతే.

ఇంకొకటి. నొప్పులతో వచ్చిన మనిషికి రిపోర్టు గుర్తుండదు. ఫైలు ఇంట్లో ఉంటుంది, ఫోటో భర్త ఫోన్లో ఉంటుంది, ఆ భర్త కింద డబ్బు కడుతూ ఉంటాడు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి ఎవరూ చెప్పరు. కాన్పయిపోయాక తీరిగ్గా ఫైలు తిరగేస్తే లోపల పాజిటివ్ రిపోర్టు. కాబట్టి లోపలికి వెళ్ళగానే నీ నోటితో నువ్వే చెప్పు, ‘నాకు జీబీఎస్ పాజిటివ్, ఇంజెక్షన్ ఎప్పుడు పెడతారు’ అని. పెట్టిన టైము కేస్ షీట్‌లో రాయించు. పిల్లల డాక్టర్ మొదట అడిగేది ఆ టైమే.

ఒకవేళ నాలుగు గంటలు దొరకకపోతే ఏడుస్తూ కూర్చోవద్దు. తక్కువ సేపైనా మందు పడటం మేలే, దానికోసం కాన్పును ఆపరు. బిడ్డను మాత్రం ఒకటిన్నర, రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి చూస్తారు. మూడోపూటకే ఇంటికి పోదామని తొందరపెట్టొద్దు.

ఆపరేషన్ సంగతి మీ అత్తయ్యగారికి ఇలా చెప్పు. ఇది ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయరు, చేయకూడదు. వేరే కారణంతో, నొప్పులు రాకముందే, నీరు పోకముందే చేస్తే జీబీఎస్ కోసం ప్రత్యేకంగా ఇంజెక్షన్ అక్కర్లేదు, ఆపరేషన్‌కి మామూలుగా ఇచ్చేది ఇస్తారు. అంతే తేడా.

కొత్తపేట ల్యాబ్:

గుంటూరులో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేస్తాను. సిస్టర్ గారు చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం. ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ళకి కూడా పనికొస్తుంది.

‘నాకు నెగెటివ్ వచ్చింది, సేఫ్’ అనుకునేవాళ్ళు స్వాబ్ ఎలా తీశారో అడగండి. ఒకటే స్వాబ్‌తో ముందు యోని మొదట్లో, తర్వాత మలద్వారం లోపల కొంచెం తిప్పి తీయాలి. మొహమాటంతో రెండోది వదిలేస్తారు. అసలు ఇది పేగుల్లో ఉండే బాక్టీరియా కాబట్టి అక్కడ తీయకపోతే చాలామందిలో దొరకదు. కావాలంటే చెప్పించుకుని మీరే తీసుకోవచ్చు, కష్టమేమీ కాదు.

ల్యాబ్‌కి వచ్చాక ప్లేటు మీద నేరుగా రుద్దేస్తే సరిపోదు. మిగతా క్రిములు దీన్ని తొక్కేస్తాయి. వాటిని ఆపే మందులు కలిపిన ద్రవంలో ఒక రాత్రి పెంచి, అప్పుడు బ్లడ్ ఆగార్ అనే, రక్తం కలిపిన ప్లేటు మీద వేయాలి. మర్నాడు చిన్న బూడిదరంగు చుక్కల చుట్టూ ఎర్ర రంగు పోయి సన్నగా తేట కనిపిస్తుంది. క్యాంప్ అనే పరీక్షలో స్టెఫైలోకాకస్ గీత పక్కన దీన్ని గీస్తే రెండూ దగ్గరపడే చోట బాణం మొనలాగా తేటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ బాణం మొన చూడటం ఇష్టమే. కాబట్టి ఫారం మీద ఉత్త ‘వెజైనల్ స్వాబ్ కల్చర్’ అని రాస్తే మాకు మామూలు శాంపిలే. ‘గర్భిణి, జీబీఎస్ స్క్రీనింగ్’ అని రాయించండి.

ఈ రిపోర్టు సుమారు ఐదు వారాలే లెక్క, ఎందుకంటే ఇది వస్తూ పోతూ ఉంటుంది. అమెరికాలో అందరికీ 36, 37 వారాల్లోనే చేయడానికి కారణం అదే. మన దగ్గర అందరికీ చేయాలన్న నియమం లేదు, డాక్టర్‌ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో కూడా అందరికీ చేయరు, రిస్క్ చూసి మందు ఇస్తారు. అమెరికాలో 1990ల మొదట్లో వెయ్యి కాన్పులకు 1.8 మంది పిల్లలకు మొదటి వారంలో ఈ జబ్బు వచ్చేది, 2015 నాటికి అది 0.23కి దిగింది. నొప్పుల్లో ఇచ్చే ఇంజెక్షన్ మహిమ అది.

పటమట అమ్మాయి:

సిస్టరమ్మ గారూ, మీ జవాబు అమ్మకీ అత్తయ్యగారికీ ఇద్దరికీ చదివి వినిపించాను. అత్తయ్యగారు రెండుసార్లు చదవమన్నారు. మేడమ్‌కి ఫోన్ చేశాను. మూత్రం కల్చర్‌లో ఏమీ లేదు కాబట్టి మాత్రలు వద్దన్నారు.

కానీ పెన్సిలిన్ అన్న మాట వినగానే అమ్మకి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు గొంతునొప్పికి పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయట. ఇప్పుడెలా?

కృష్ణలంక సిస్టరమ్మ:

మీ అమ్మగారికి దండం పెట్టమ్మా, సరైన సమయానికి గుర్తొచ్చింది. ఇది లేబర్ రూములో టెస్ట్ డోస్ వేసే వేళకి చెప్పే సంగతి కాదు.

అమ్మగారిని వివరంగా అడుగు. దద్దుర్లు సూది వేసిన కాసేపట్లోనే వచ్చాయా, ఒకటి రెండు రోజుల తర్వాతా? పెదాలు, మొహం వాచాయా? ఊపిరాడలేదా, కళ్ళు తిరిగి పడిపోయావా? రోజులు గడిచాక వచ్చిన మామూలు దద్దురు అయితే చాలాసార్లు సెఫాజోలిన్ ఇస్తారు. వెంటనే వాపు, ఆయాసం వచ్చి ఉంటే పెన్సిలిన్ జోలికి వెళ్ళరు. నీలో పెరిగిన బాక్టీరియా మీద క్లిండామైసిన్ పనిచేస్తుందని ల్యాబ్ చెబితే అది, లేకపోతే వాంకోమైసిన్. ఏది ఇవ్వాలో మేడమ్ నిర్ణయిస్తారు, నువ్వు ఈ వివరాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళు.

కొత్తపేట ల్యాబ్:

రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌కి ఇవాళే ఫోన్ చేయండి. పెరిగిన ప్లేటు కొన్ని రోజులు ఉంచుతారు, ఆ తర్వాత పారేస్తారు. ‘పెన్సిలిన్ పడదు, క్లిండామైసిన్‌కి, డి టెస్ట్‌తో సహా చూడండి’ అనండి. ఎరిత్రోమైసిన్ బిళ్ళ పక్కన పెట్టి చూసే పరీక్ష అది. పైకి పనిచేస్తున్నట్టు కనిపించి లోపల మొండికేసే రకాన్ని పట్టిస్తుంది. ప్లేటు పారేసి ఉంటే ఇంకో స్వాబ్ ఇవ్వండి, ఇంకా టైముంది.

తెనాలి నాన్న:

అందరూ కాన్పు గురించి చెప్పారు, నేను ఆ తర్వాతి సంగతి చెప్పాలి. భయపెట్టడానికి కాదు.

మా ఆవిడకి కూడా పాజిటివే. ఇంజెక్షన్లు సరిగ్గానే పడ్డాయి, పాప బాగానే పుట్టింది. ఇక ఆ గండం గడిచిందనుకున్నాం. రెండో నెలలో ఒకరోజు పాలు పట్టుకోలేదు. ఏడుపు మారిపోయింది, సన్నగా, ఆగకుండా. ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. ముందు చూపించిన చోట కడుపునొప్పి అని చుక్కలమందు ఇచ్చి పంపారు. రాత్రికి మత్తుగా అయిపోతే గుంటూరు తీసుకెళ్ళాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి మెదడు పొరల వాపు, ఇదే బాక్టీరియా అన్నారు. రెండు వారాలు నరానికి మందు ఎక్కించారు. ఇప్పుడు పాప పరిగెడుతోంది. చెవులు వినపడుతున్నాయో లేదో చూసే బెరా పరీక్ష కూడా బాగానే వచ్చింది.

మాకు తర్వాత డాక్టర్ గారు చెప్పిందేంటంటే, నొప్పుల్లో ఇచ్చే ఇంజెక్షన్ మొదటి వారంలో వచ్చే జబ్బుని ఆపుతుంది. వారం తర్వాత, మూడు నెలల లోపు వచ్చేదాన్ని ఆపలేదు. అది అరుదే. కానీ మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే ‘పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డ’ అని డాక్టర్‌కి చెప్పండి. చుక్కలమందు ఇచ్చి పంపినా మనసు ఒప్పుకోకపోతే ఇంకోచోటికి వెళ్ళండి.

పటమట అమ్మాయి:

అన్నయ్యగారూ, మీ పాప చల్లగా ఉండాలి. చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి.

అమ్మ చెప్పినదాన్నిబట్టి దద్దుర్లు సూది వేసిన కాసేపటికే వచ్చాయి, పెదాలు కూడా వాచాయట. ల్యాబ్ వాళ్ళు ప్లేటు ఇంకా ఉంచారు. క్లిండామైసిన్ పనిచేస్తుంది, డి టెస్ట్ నెగెటివ్ అని ఇవాళ రిపోర్టు పంపారు. మేడమ్ ఫైలు మీద పెన్సిలిన్ పడదు, క్లిండామైసిన్ అని రాశారు. అమ్మతో కలిసి ఈ ఆదివారం పటమట వెళ్ళిపోతున్నాం.

ఆఖరుగా ఒకటి. పాలు ఇవ్వొచ్చు కదా? ఇంటికొచ్చాక బిడ్డ విషయంలో ఏం చూసుకోవాలి? పెద్దాడికి నీళ్ళు పోసినామెనే మళ్ళీ మాట్లాడారు అత్తయ్యగారు.

కృష్ణలంక సిస్టరమ్మ:

పాలు నిక్షేపంలా ఇవ్వు. పుట్టిన గంటలోపే రొమ్ముకి పట్టించు. దీనివల్ల పాలు మానాల్సిన పనిలేదు.

పెన్సిలిన్ పడనివాళ్ళకి ఇచ్చే మందు సంగతి పుట్టగానే పిల్లల డాక్టర్‌కి చెప్పు. క్లిండామైసిన్ పెన్సిలిన్ అంత గట్టి కాపుదల అని లెక్కవేయరు, అందుకని బిడ్డను ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. ఎన్నాళ్ళు ఉంచమంటే అన్నాళ్ళు ఉండండి.

ఇంటికొచ్చాక పాలు తాగడం తగ్గినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, మూలుగుతున్నా, డొక్కలు లోపలికి లాక్కుంటున్నా వెంటనే తీసుకెళ్ళాలి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట కదలిక నిమిషం పాటు లెక్కపెట్టు. 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, ఇంకోసారి లెక్కపెట్టినా అంతే ఉంటే ఆగొద్దు. జ్వరం ఒక్కటే చూడకు. ఇంత చిన్న పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్ళు చల్లబడటం కూడా ఉంటుంది, ‘జ్వరం లేదుగా’ అని చాలామంది మోసపోతారు. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. డబ్బుకి వెనకాడే పరిస్థితి ఎవరికైనా ఉంటే, ఏడాది లోపు పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం.

నీళ్ళు పోసే ఆమె గురించి అడిగి మంచిపని చేశావు. ఆమె చేతి ఒడుపు బాగుంటుంది, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోస్తే బిడ్డ హాయిగా నిద్రపోతాడు. కానీ గొంతులో వేలు పెట్టి కఫం తీయనివ్వకు. ముక్కులో, చెవిలో నోటితో ఊదనివ్వకు. బొడ్డుకి పసుపూ ఆముదమూ వద్దు, పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది. తేనె నాకించొద్దు. ఢిల్లీ ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా చేసిన పరిశీలనలో పసిపిల్లల ఇన్ఫెక్షన్లలో ముందున్నవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ కోలి అనే వేరే బాక్టీరియాలు. జీబీఎస్ వాటికన్నా బాగా వెనక ఉంది. అందుకే జీబీఎస్‌కి ఇంజెక్షన్ పడింది కదా అని చేతుల శుభ్రం దగ్గర వదులు కావద్దు. ఆమెతో సహా, అత్తయ్యగారితో సహా, బిడ్డను ఎత్తుకునే ప్రతివాళ్ళూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరే చూసి వెళ్తారు. ఆ మాట చెప్పడానికి నీకు మొహమాటమైతే డాక్టర్ గారు చెప్పారని మీ ఆయన చేత చెప్పించు.